సీసా నలభై, సూది వంద

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయేది ఎంత సిగ్గుమాలిన వ్యవహారమో వేరే వివరించక్కర్లేదు. నిష్పత్తి, అనుపాతం, ఏకవస్తు పద్ధతి చెప్పడంలో మా చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను. జవాబు సరిగ్గా వచ్చినా పక్కన కిలోలో, లీటర్లో, రూపాయలో రాయకపోతే అర మార్కు కోసేవాణ్ణి. "ఇరవై అంటే ఏమిట్రా? ఇరవై కోతులా, ఇరవై కొబ్బరికాయలా?" అని నిలబెట్టి అడిగేవాణ్ణి.

అలాంటివాణ్ణి, రోజుకు రెండు పూటలా నా పొట్టలో నేనే పొడుచుకునే మందు దగ్గర, ఇరవై అంటే ఇరవై ఏమిటో అడగలేదు.

నాకు షుగర్ వచ్చి చాలా కాలమైంది. మాత్రలతో నెట్టుకొచ్చాను. రిటైరయ్యాక అవి చాలడం లేదని డాక్టరుగారు ఇన్సులిన్‌కు మార్చారు. పొద్దున 20, రాత్రి 12. చీటీ మీద అంతే ఉంది. సీసా తెల్లగా, కాస్త పల్చటి మజ్జిగలా ఉండే రకం, ముప్పై-డెబ్భై అంటారు. త్వరగా పనిచేసేది ముప్పై పాళ్లు, నిదానంగా పనిచేసేది డెబ్భై పాళ్లు కలిపి ఉంటుంది. అక్కడి సిస్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. సీసాను గిలక్కొట్టకూడదు, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. ఇవాళ పొడిచినచోట రేపు పొడవకూడదు, అలా పొడిస్తే చర్మం కింద గడ్డలు కట్టి మందు సరిగ్గా ఎక్కదు. సీసా తెరిచిన తేదీ దాని మీద రాసుకోవాలి, నాలుగు వారాలు దాటితే పారేయాలి. ఒళ్లు వణికినా, చెమటలు పోసినా, ఉన్నట్టుండి ఆకలి దంచేసినా వెంటనే పంచదార నీళ్లు తాగాలి. నేను మధ్యమధ్య "తెలుసమ్మా, తెలుసు" అంటూ తలాడించాను. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా వింది. ఎవరు విన్నారో, ఎవరు తలాడించారో తర్వాత తేలింది.

సూదులంటే నాకు భయం లేదు. భక్తి అనాలి నిజానికి. మా చిన్నప్పుడు ఊళ్లో కాంపౌండరుగారు కిరసనాయిల్ స్టవ్ మీద స్టీలు పెట్టెలో గాజు సిరంజీ, సూదులూ కలిపి ఉడికించేవాడు. ఒకే సూది ఎన్ని చేతులు మారేదో ఆ పెట్టెకే తెలియాలి. మాత్ర ఇచ్చి పంపితే మా నాన్న మొహం మాడ్చుకునేవాడు. సూది వేయించుకుని తుంటి పట్టుకుని కుంటుకుంటూ వస్తే వైద్యం జరిగినట్టు లెక్క. ఆ రక్తం నాలో ఉంది కాబట్టి, ఇన్సులిన్ మొదలెట్టిన రోజున పదిమందికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను.

అసలు తెలివితక్కువ పని పిసినారితనంతో మొదలైంది. సిరంజి ఒకసారి వాడి పారేయాలి. ఏడెనిమిది రూపాయల వస్తువు. పెన్షనరు కళ్లకు అది పారేసేదిగా కనిపించదు. నా ఒంట్లోకి నా సూదే కదా, ఎంగిలేముంది అనుకుని ఒకే సిరంజితో వారం లాగించేవాణ్ణి. పైగా శుభ్రత పేరుతో ప్రతిసారీ సూదిని స్పిరిట్ దూదితో తుడిచేవాణ్ణి. సూది సులువుగా దిగడానికి దాని మీద పల్చగా సిలికాన్ పూత ఉంటుందట, దాన్ని నేను రోజూ శ్రద్ధగా చెరిపేస్తున్నానన్నమాట. మొన కూడా వంగిపోయేది. వారం చివరికి గొట్టం మీది అంకెలు అరిగిపోయి, నేనే స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకున్న సందర్భాలున్నాయి. నాలుగోరోజు నుంచి పొడిస్తే ప్రాణం పోయేది. దానికి నేను కనిపెట్టిన కారణం: మన దేశంలో తయారైన సూదులు మొద్దు.

ఇదే మాట డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయితో వీడియో కాల్‌లో అన్నాను. అది నాన్న మీది ప్రేమ కొద్దీ, సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు పెట్టెల సిరంజీలు తెచ్చింది. పెట్టెకు వంద. ఎంత నాజూకుగా ఉన్నాయో! గొట్టం పెన్సిల్ కంటే సన్నం, సూది వెంట్రుకంత, నారింజరంగు టోపీ. పొడిస్తే చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఉండదు మరి, కొత్త సూది కదా. మన సూది కూడా కొత్తగా ఉన్నప్పుడు అంతే మెత్తగా దిగేదని నాకు గుర్తు రాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది కూరలకే అనుకునేవాణ్ణి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం. పెన్నుల్లో వేసే గుళికలు మామూలుగా 100 యూనిట్ల బలం. సీసాల్లోనూ 100 బలంవి కొన్ని దొరుకుతాయి. 40 మందుకు 40 సిరంజి, దానికి ఎర్ర టోపీ. 100 మందుకు 100 సిరంజి, దానికి నారింజ టోపీ. అమెరికాలో మామూలుగా వాడేదంతా 100 బలమే కాబట్టి అక్కడ మందుల షాపులో అడిగితే నారింజ టోపీదే ఇస్తారు. 100 సిరంజి మీద 20 అని గీత ఉంటే అది మిల్లీలీటరులో అయిదోవంతు. అంత మేరకు 40 మందు నింపితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లు. ఇరవై కాదు, ఎనిమిది.

ఇదంతా పెట్టె మీద రాసే ఉంది. సీసా మీదా రాసే ఉంది, అదీ పెద్ద అక్షరాలతో. పిల్లల ప్రశ్నపత్రంలో చుక్క తప్పితే పట్టుకునే నేను నా మందు సీసా మీద చదివింది గడువు తేదీ, ధర. ధర రెండుసార్లు చదివాను.

గొట్టం సన్నం కావడంతో కన్ను కూడా మోసపోయింది. 20 గీత దాకా లాగితే మందు బాగా ఎత్తుగా, నిండుగా కనిపించేది. పాత సిరంజిలో కంటే ఎక్కువే పోతోందేమో అని కూడా అనిపించింది ఒకసారి. సన్నటి గొట్టంలో ఎత్తు పెరుగుతుంది, ఘనపరిమాణం పెరగదు. ఈ పాఠం తొమ్మిదో తరగతికి బోర్డు మీద స్తూపాలు గీసి మరీ చెప్పేవాణ్ణి.

పెట్టె ఒకటి నాకుంచుకుని, రెండోది మా బళ్లో నాతో పాటు పనిచేసిన డ్రాయింగ్ మాస్టారికి ఇచ్చాను. ఆయనకూ షుగరే, ఆయనదీ సీసా మందే. అమెరికా సరుకు పంచిపెట్టడంలో ఉండే దర్జా అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆయన ఒక సిరంజి తీసి, కళ్లజోడు పైకెత్తి, టోపీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మనవాటికి ఎర్రటి టోపీ ఉంటుంది కదండీ మాస్టారూ. ఇదేంటి, నారింజ?"

"రంగులో ఏముందండీ! డ్రాయింగ్ మాస్టారనిపించుకున్నారు" అని నవ్వేశాను.

ఆయనా నవ్వి పెట్టె తీసుకున్నారు. ఆ రోజు ఆ ఇంట్లో ఇద్దరం ఉన్నాం. చూడగలిగినవాడు ఆయన, చదువుకున్నవాణ్ణని అనుకుంటున్నవాణ్ణి నేను. చివరికి నా మాటే నెగ్గింది.

సీసాకు 10 మిల్లీలీటర్లు, అంటే 400 యూనిట్లు. రోజుకు 32 చొప్పున పన్నెండున్నర రోజులు రావాలి. కొత్త సిరంజీలతో నెల దాటి వస్తోంది. ఇది చూసి ఏ అయిదో తరగతి కుర్రాడికైనా అనుమానం రావాలి. నాకొచ్చింది అనుమానం కాదు, సంబరం. "చూశావుటే, మన సిరంజీల్లో ఎంత మందు వృథా అయ్యేదో! అమెరికావాడి పనితనం!" అని మా ఆవిడతో అన్నాను. మిగిలిన డబ్బు కూడా లెక్కగట్టి చెప్పాను. నాలుగు వారాల తర్వాత సీసా పారేయమన్న సిస్టరమ్మ మాట దేవుడెరుగు, అయిదో వారంలో కూడా అడుగంటా లాగేవాణ్ణి. మెడికల్ షాపు కుర్రాడు సీసా ఇస్తూ "సిరంజీలు ఇవ్వనా మాస్టారూ?" అని అడిగితే, "అక్కర్లేదోయ్, మావి అమెరికావి" అన్నాను. అతను మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. జేబులోంచి ఒకటి తీసి చూపించి ఉంటే అతనే చెప్పేవాడు. చూపించడానికి కూడా నాకు తీరిక లేదు, గొప్ప చెప్పుకోవడానికి ఉంది గానీ.

అప్పటిదాకా కుదురుగా ఉన్న షుగర్ ఎగబాకడం మొదలెట్టింది. పరగడుపున 250, తిన్నాక 350 పైన. రాత్రుళ్లు లేవడం, నోరెండిపోవడం, లుంగీ నడుం దగ్గర వదులైపోవడం. నేను కారణాల వేటలో పడ్డాను. మొదటి ముద్దాయి మా ఆవిడ, చాటుగా కాఫీలో పంచదార వేస్తోందని. తర్వాత సోనా మసూరి బియ్యం. తర్వాత కరెంటు కోతలు: ఫ్రిజ్ ఆగిపోయి మందు చెడిపోతోందని, సీసాను తలుపు అరలోంచి కూరగాయల డబ్బా మీదికి, అక్కణ్ణుంచి పెరుగు గిన్నె పక్కకి మార్చాను. తర్వాత షాపువాడు, నకిలీ మందు అంటగడుతున్నాడని. నలుగురిలో గట్టిగానే అన్నాను ఆ మాట. ఆ కుర్రాడి మొహం ఎర్రబడింది. ఏళ్ల తరబడి నాకు అరువు కూడా ఇచ్చిన షాపు అది. బంగినపల్లి మామిడి ముట్టుకోకుండా ఆ వేసవంతా గడిపాను. ఇంట్లో అందరూ తింటుంటే వరండాలో కూర్చుని త్యాగం చేశాను. మారినవన్నీ వరసపెట్టి లెక్కేశాను. మారిన వస్తువు మాత్రం రోజూ నా చేతుల్లోనే ఉంది.

డాక్టరుగారు ఒకసారి అడిగారు, "మందు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని. నాకు రోషం వచ్చింది. "లెక్కల మాస్టార్నండీ నేను" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, మోతాదు పెంచారు. పొద్దున 28, రాత్రి 16. అయినా దిగలేదు. తర్వాత 36, 24. ఆయన కాగితం మీద నేను రోజుకు 60 యూనిట్లు పుచ్చుకుంటున్నాను. నా ఒంట్లోకి వెళ్తున్నవి 24. అంటే ఆయన మొట్టమొదట రాసిచ్చిన 32 కంటే కూడా తక్కువే.

ఇంకో వింత చెప్తాను. అదే ఇంట్లో, అదే కాలంలో, మా ఆవిడ మందు విషయంలో నేను పోలీసువాణ్ణి. ఆమెకు కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కటంటే ఒక్కటే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల్లో మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. వారానికొకసారి అన్నది చీటీలో సరిగ్గా చదవక, రోజువారీ మాత్రల్లో కలిపేసుకుని చనిపోయినవాళ్లున్నారు. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిన మందు అది. మన తెలుగాయన మందు కాబట్టి మరీ గౌరవంగా చూసేవాణ్ణి. క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి. మిగతా రోజుల్లో ఆ అట్టను బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. ఆమె మాత్ర మింగాక క్యాలెండర్ మీద టిక్కు. మందు ప్రమాదం ఎంతటిదో తెలియక చేశానని నేను తప్పించుకోలేను. ఎదుటివాళ్ల చేతిలో ఉంటే దాని ప్రమాదం నాకు బాగానే కనిపించేది.

అమెరికా పెట్టె అయిపోయింది. పాత అలవాటు చొప్పున షాపుకెళ్లి సిరంజీలు అడిగాను. నకిలీ అన్నందుకు మొహం ముడుచుకునే ఉన్నా, ఆ కుర్రాడు ఎర్రటోపీవి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ రాత్రి భోజనానికి ముందు 24 గీత దాకా లాగాను. గొట్టంలో సగానికి పైనే నిండింది. ఎక్కువగా కనిపిస్తోందే అని ఒక్క క్షణం అనుకున్నమాట నిజం. "లావు గొట్టం కదా" అని సర్దిచెప్పుకుని పొడుచుకున్నాను. లావు గొట్టంలో ఎత్తు తగ్గాలి గానీ పెరగకూడదు. ఆ రాత్రి నాకు స్తూపాల పాఠం తలకిందులుగా గుర్తొచ్చింది. రెండు పుల్కాలు తిని పడుకున్నాను.

ఇక్కణ్ణుంచి జరిగింది నాకు గుర్తులేదు. మా ఆవిడ చెప్పిందే చెప్తున్నాను.

రాత్రి రెండింటి ప్రాంతంలో మంచం మీద లేచి కూర్చున్నానట. ఫ్యాను తిరుగుతూనే ఉంది, బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. సుద్దముక్క ఇమ్మని అడిగానట. బీరువా వంక చూసి "రెండో బెంచీవాడు లేవాలి" అన్నానట. ఆమె ఒళ్లు తాకి చూస్తే చల్లగా జారిపోతోంది, వేళ్లు వణుకుతున్నాయి. ఆమెకు సిస్టరమ్మ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. వంటింట్లోకి పరుగెత్తి గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తెచ్చింది. నేను చేత్తో తోసేశాను, గ్లాసు మంచం మీద ఒలికింది. తరగతి గదిలో మంచినీళ్లేమిటని కసిరానట. రెండో గ్లాసు పట్టుకొచ్చి, చేతులు కట్టుకున్నంత వినయంగా నిలబడి, "సార్, హెడ్మాస్టరుగారు మీకు ఇమ్మన్నారండీ" అంది.

అప్పుడు తాగాను.

స్పృహ పూర్తిగా పోయినవాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ గ్లాసు కూడా పనికొచ్చేది కాదు. ఎదురింటి అబ్బాయి కార్లో తీసుకెళ్లాడు. అంత పంచదార తాగాక కూడా ఆసుపత్రిలో చూస్తే 48 ఉంది. 70 దిగితేనే తక్కువ కింద లెక్క. గ్లూకోజ్ ఎక్కించారు. కొంచెం తేరుకోగానే ఇంటికెళ్తానన్నాను. డ్యూటీ డాక్టరమ్మాయి కుదరదంది, ఒంట్లోకి వెళ్లిన మందు తెల్లారేదాకా పనిచేస్తూనే ఉంటుందని. నిదానంగా పనిచేసే ఆ డెబ్భై పాళ్లు నన్ను వదిలిపెట్టి ఎక్కడికి పోతాయి?

పొద్దున మా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన చీటీ చూసి, 24 యూనిట్లకు ఇంత పడిపోవడమేమిటి, మొన్నటిదాకా 300 ఉంది కదా అని నుదురు రుద్దుకున్నారు. రాత్రి తినలేదా అన్నారు. తిన్నానన్నాను. కిడ్నీ పరీక్ష రాయబోతున్నారు. పక్కనున్న సిస్టరమ్మ మా ఆవిడతో, "అమ్మా, సంచిలో సిరంజి ఏదైనా ఉందా?" అంది. ఉంది. మా ఆవిడ ఎప్పుడూ ఏదీ పారేయదు. సంచిలోంచి ఎర్రటోపీదొకటి, దానితోపాటు అడుగున ఉండిపోయిన నారింజటోపీదొకటి తీసి బల్ల మీద పెట్టింది. సిస్టరమ్మ రెంటినీ చూసింది, సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "మాస్టారూ, సీసా నలభై, సూది వంద. ఎన్నాళ్ల నుంచి?"

నేను లెక్క చెప్పలేకపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో, ఎవరూ చూడకుండా, రెండు సిరంజీల్లోనూ 24 గీత దాకా నీళ్లు నింపాను. ఒక్కోదాన్నీ ఒక్కో చెంచాలో ఖాళీ చేశాను. నారింజటోపీ నీళ్లు చెంచా గుంటలో చిన్న బొట్టులా కూర్చున్నాయి. ఎర్రటోపీ నీళ్లు చెంచాలో పరుచుకున్నాయి. వందను నలభై పెట్టి భాగిస్తే రెండున్నర. మోతాదు పెంచుతూ పోయిన అలవాటు మీద, ఒక్క రాత్రిలో సూది మారి రెండున్నర రెట్లు మందు వెళ్లిపోయింది. తప్పు సూది ఉన్నంతకాలం షుగర్ పెరిగింది, సరైన సూది చేతికొచ్చిన రాత్రి ప్రాణం పోబోయింది. మందు తప్పులేదు, సూది తప్పులేదు, షాపు కుర్రాడి తప్పు అసలే లేదు. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. "ఫర్లేదండీ మాస్టారూ" అన్నాడు గానీ, ఆ తర్వాత నాకు ఎప్పుడు సీసా ఇచ్చినా దాన్నీ, సిరంజినీ పక్కపక్కన పెట్టి, రెండు అంకెలూ వేలితో చూపించి గానీ బిల్లు వేయడు.

తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మూర్ఖత్వం కాదని తెలిసి కొంత ఊరట, కొంత నిరాశ. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇన్సులిన్ సూది పడింది. అది మొదలు ఈ మందు రకరకాల బలాల్లో వచ్చింది: 20, 40, 80. బ్రిటన్‌లో ఒకప్పుడు సిరంజి మీద మిల్లీలీటరుకు 20 గీతలుండేవి. 40 మందైతే ఒక గీత అంటే రెండు యూనిట్లు, 80 మందైతే నాలుగు. గీతలు చెప్పారో, యూనిట్లు చెప్పారో తికమకపడి ఎందరు ఆసుపత్రి పాలయ్యారో! చివరికి 1983లో అక్కడ అందరినీ 100కు మార్చేశారు. మన దగ్గర 40, 100 రెండూ ఒకే షాపులో, ఒకే అరలో ఉంటాయి. ఇంకో చిక్కు: యూనిట్ అన్నదాన్ని ఇంగ్లీషులో ఒక్క 'యూ' అక్షరంగా కుదించి రాస్తే, గబగబా రాసేవాళ్ల చేతిలో అది సున్నాలా తయారవుతుంది. 10 పక్కన ఆ అక్షరం పడితే 100 అని చదివి వేసిన నర్సులున్నారు. అందుకే పూర్తి మాట రాయమని ఆసుపత్రుల్లో నియమం. పెన్ను గుళికలోంచి సిరంజితో మందు లాగడం ఇంకా ప్రమాదం. పెన్నుల్లో 200, 300 బలాలవి కూడా ఉన్నాయి. పెన్ను పాడైతే గుళికలోంచి లాగేసుకుందామని ఆ మధ్య నేను ఆలోచించిన మాట వాస్తవం. పెన్ను కొనడానికి మనసొప్పలేదు కాబట్టి ఆ గండం పిసినారితనమే తప్పించింది.

ఇదంతా చదువుతూ కూర్చుంటే సాయంత్రానికి గానీ డ్రాయింగ్ మాస్టారు గుర్తు రాలేదు.

గుండె ఝల్లుమంది. నేను ఇచ్చిన పెట్టె ఆయన దగ్గరుంది. అది అయిపోయి ఆయనా ఎర్రటోపీ కొనుక్కుంటే? ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, కుడికాలు స్టూలు మీద, బొటనవేలికి కట్టు. చెప్పు కరిచిందట వేసవిలో. మానడం లేదట. "షుగర్ తగ్గట్లేదు మాస్టారూ, డాక్టరు డోసు పెంచుతూనే ఉన్నాడు. మామిడిపళ్లు మానేయమన్నారు కదా మీరు, మానేశాను కూడా" అన్నారు.

పెట్టె తెమ్మన్నాను. ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. ఉన్న సంగతంతా చెప్పాను. ఆయన కోడలు వింటోందని తెలిసీ చెప్పాను. ఇప్పుడే ఎర్రటోపీదానికి మారిపోతానని ఆయన లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పెంచిన అంకెతో సరైన సూది వాడితే ఏమవుతుందో నా బనీనుకు తెలుసు. సీసా, రెండు రకాల సిరంజీలు, చీటీలన్నీ ఒక సంచిలో వేయించి అప్పటికప్పుడు ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దారంతా ఆయన ఏమీ మాట్లాడలేదు. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు మాత్రం, "రంగు వేరని ఆనాడే అన్నాను" అన్నారు. కోపంగా కాదు. బొమ్మలో ఎక్కడ తేడా ఉందో పిల్లవాడికి చూపించినట్టే అన్నారు.

సిస్టరమ్మ నారింజటోపీ చూడగానే "ఇవెక్కడివండీ?" అంది. ఆయన నా వైపు చూపించారు. ఆమె నన్ను గుర్తుపట్టింది. ఇంకెవరికైనా ఇచ్చారా అని గట్టిగా అడిగి, లేదని రెండుసార్లు చెప్పించుకుంది. ఆయన మోతాదు మళ్లీ తక్కువ నుంచి మొదలెట్టి, రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకుంటూ మెల్లగా సరిచేశారు. నాకూ అంతే చేశారు. ఇప్పుడు నేను ఉన్నది దాదాపు మొదట రాసిచ్చిన అంకె దగ్గరే.

నా షుగర్ నెల తిరక్కుండా దారికొచ్చింది. ఆయన వేలు మాత్రం అంత త్వరగా రాలేదు. నెలల తరబడి ఎక్కువ షుగర్‌లో నానిన పుండు, కొస కొంచెం నల్లబడింది కూడా. తీసేయాల్సిన పనిలేదు, కానీ వారం వారం డ్రెస్సింగు తప్పదన్నారు. డ్రెస్సింగు రోజున ఆయన్ను నేనే తీసుకెళ్తున్నాను. ఆటో డబ్బులు, డ్రెస్సింగు డబ్బులు నావే. మొదటిసారి ఆయన "ఎందుకండీ మాస్టారూ, మీరివ్వడమేంటి" అని జేబులో చెయ్యి పెట్టారు. రెండోసారి పెట్టలేదు.